పింక్ సాల్ట్ కొనేముందు ప్యాకెట్ చూడండి



ఈమధ్య ఆరోగ్యానికి మంచిదని చాలా ఇళ్లలో పింక్ సాల్ట్, కల్లుప్పు వాడుతున్నారు. ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని లేకపోతే అందులో అయోడిన్ దాదాపు ఉండదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 120 మైక్రోగ్రాములే. అదీ అందకపోతే థైరాయిడ్ హార్మోన్ తగ్గి ఎదుగుదల, చదువు రెండూ దెబ్బతింటాయి. గర్భిణులైతే మరీ జాగ్రత్త, కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి ఇది కావాలి. పశువులకూ అంతే: అయోడిన్ చాలని మేకలకు మెడ వాచిన పిల్లలు పుడతాయి.

ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని కాంగ్రా లోయలో నిరూపించిన డాక్టర్ రామలింగస్వామి మన శ్రీకాకుళంలో పుట్టినవారే!

ఉప్పు ఎక్కువ వేయమని కాదు. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టండి.