రాత్రి విమానంలో నిద్ర ఖరీదెంత?

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ మధ్య మన ఇళ్ళల్లో అమెరికా ప్రయాణం కాశీయాత్ర కన్నా మామూలైపోయింది. అమ్మాయి పురుడనో, అబ్బాయి గృహప్రవేశమనో ఏదో ఒక వంకన వెళ్ళివస్తూనే ఉన్నాం. చాలామంది లండనులోనో, ఫ్రాంక్‌ఫర్టులోనో విమానం మారుతున్నారు. కొందరికైతే ఒక బిడ్డ న్యూజెర్సీలో, ఇంకో బిడ్డ లండనులో. ఈ రెంటికీ మధ్యన ఉన్నది అట్లాంటిక్ సముద్రం. దాన్ని రాత్రిపూట దాటేటప్పుడు మామూలు సీటుతో సర్దుకోవాలా, ఇంకాస్త డబ్బు పోసి మంచి సీటు తీసుకోవాలా అన్నది ఈ వేళ చెప్పుకుందాం.

ఇందులో చెప్పుకోవటానికేముంది, డబ్బున్నవాళ్ళు కొంటారు, లేనివాళ్ళు మానుకుంటారు అంటారేమో. అలా కాదండీ. డబ్బున్నా మనం కొనం. పిల్లలు కొంటామన్నా వద్దంటాం. "నాకెందుకురా అంత ఖర్చు, ఒక్క రాత్రేగా, ఎలాగో కూర్చుంటాను" అంటాం. ఇంట్లో అందరికీ పరుపులు వేసి మనం చాప పరుచుకునే అలవాటును ఆకాశంలోకి కూడా తీసుకుపోతాం. ఇంకోవైపు ప్రేమకొద్దీ లక్షలు పోసి అమ్మకు పడక సీటు కొనిపెట్టే పిల్లలున్నారు. తీరా చూస్తే ఆ పడక మీద నడుం వాల్చే వ్యవధే ఉండదు. రెండూ లెక్క చూడకుండా చేసే పనులే. బియ్యం కొనేముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూసేవాళ్ళం, దీన్ని మాత్రం చూడకుండా ఎందుకు వదిలెయ్యాలి?

ముందుగా ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. అట్లాంటిక్ మీద రాత్రి ప్రయాణం అంటే దాదాపుగా అమెరికా నుంచి ఐరోపాకు వచ్చేదే. లండను నుంచి అమెరికా వెళ్ళేవి చాలావరకు పగటి విమానాలు. పొద్దున్నో మధ్యాహ్నమో ఎక్కితే సూర్యుడి వెంట పరుగెత్తినట్టు అటు చేరేసరికి ఇంకా వెలుగుంటుంది, లేదా అప్పుడే చీకటి పడుతూ ఉంటుంది. వచ్చేటప్పుడు అలా కాదు. న్యూయార్కులో రాత్రి 9 గంటలకు ఎక్కితే సుమారు 7 గంటల ప్రయాణం. ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి విమానాన్ని తోస్తుంది కాబట్టి వెళ్ళేటప్పటికన్నా గంట తక్కువే పడుతుంది. దిగేసరికి మన ఒంటి గడియారంలో తెల్లవారుజామున 4 గంటలు. లండను గడియారంలో పొద్దున్న 9 గంటలు. అంటే ఆ రాత్రిలోంచి ఐదు గంటలు ఎవరో ఎత్తుకుపోయారన్నమాట.

ఇక మిగిలిన 7 గంటల్లో నిద్రకు ఎంత దక్కుతుందో చూద్దాం. విమానం కదిలి, పైకి లేచి, నిలకడకు వచ్చేసరికి ముప్పావుగంట. ఆ తర్వాత భోజనాల బండి వస్తుంది. పళ్ళేలు పంచి, తిని, తిరిగి తీసుకుని, దీపాలు ఆర్పేసరికి ఇంకో గంటన్నర ఎక్కడికీ పోదు. దిగటానికి గంటా గంటంబావు ముందే దీపాలు వేసి ఫలహారం పెడతారు. చేతివేళ్ళ మీద లెక్క పెట్టండి, నికరంగా మిగిలేది మూడున్నర గంటలు. అదీ పక్కవాళ్ళ పసిపిల్ల ఏడవకపోతే.

కాబట్టి మనం కొనేది సీటు కాదు, ఆ మూడున్నర గంటల నిద్ర. ఉదాహరణకి మామూలు టిక్కెట్టుకీ, ప్రీమియం ఎకానమీ అనే దానికీ తేడా 40,000 రూపాయలు అనుకుందాం. మామూలు సీటులోనైనా ఒకటిన్నర గంట కునుకు పడుతుంది గదా. మంచి సీటువల్ల అదనంగా వచ్చేది రెండు గంటలు. గంట నిద్ర ఖరీదు 20,000 రూపాయలు! అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కితే లండనుకి పది గంటల పైచిలుకు ప్రయాణం. తినటానికీ దిగటానికీ పోయేది ఇక్కడా అంతే, నిద్రకు ఆరున్నర గంటలు మిగులుతాయి. మామూలు సీటులో రెండు గంటలు పడుకోగలరనుకుంటే, లాభం నాలుగున్నర గంటలు. తేడా 60,000 అయినా సరే, గంటకు 13 వేల పైచిల్లరే. ఎక్కువ డబ్బు పెట్టిన ప్రయాణమే చవకగా తేలింది చూశారా! అసలు అంకెలు మీ టిక్కెట్టును బట్టి మారతాయి గాని లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు సీటు సంగతి. విమానం కంపెనీలు "31 అంగుళాల స్థలం" అని చెబుతాయి. అది కాళ్ళు పెట్టుకునే జాగా అనుకునేరు. ముందు సీటు మీద ఒక చోటు నుంచి వెనక సీటు మీద అదే చోటుకు ఉండే దూరం అది. సీటు వీపు మందం కూడా అందులోనే కలిసిపోతుంది. అట్లాంటిక్ దాటే విమానాల్లో మామూలు తరగతిలో ఇది 31 అంగుళాల దగ్గర ఉంటుంది, ప్రీమియం ఎకానమీలో 38 దాకా. కుట్టుమిషను దగ్గర టేపు ఉంటుంది కదా, ఇంట్లో రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, వీపు నుంచి వీపుకు 31 అంగుళాలు కొలిచి వెనకదాంట్లో ఓ పావుగంట కూర్చోండి. ఎవరు చెప్పినా అంతకన్నా బాగా బోధపడదు.

వెడల్పు ఇంకో లెక్క. మన మూర 18 అంగుళాలు. వరసకు రెండు, నాలుగు, రెండుగా ఎనిమిది సీట్లుండే ఎయిర్‌బస్ 330లో సీటు వెడల్పు సుమారు మూర. వరసకు పది సీట్లు పెట్టిన బోయింగ్ 777లో 17 అంగుళాలే. పూలమ్మి మూర ఉన్నట్టుంటుంది, కొలతకు ఎప్పుడూ ఓ అంగుళం తక్కువ. ఒక్క అంగుళానికేమిటి అంటే, మూడు సీట్ల మధ్య సీటులో రాత్రంతా కూర్చున్నవాళ్ళనే అడగాలి. దంపతులిద్దరూ కలిసి వెళ్ళేటట్టయితే ఎయిర్‌బస్ 330లో కిటికీ పక్క రెండు సీట్లూ అడిగి పుచ్చుకోండి. మూడోమనిషిని లేపే పని ఉండదు, లేచే పని ఉండదు. డబ్బు పెట్టకుండా దొరికే సుఖాల్లో దీన్ని మించింది నాకు కనపడదు. టిక్కెట్టు కొనేముందే ఏ రకం విమానమో చూపిస్తారు, పిల్లల్ని చూసి చెప్పమనండి.

ఈ సీటూ ఛార్జీల బేరం కొత్తది కాదు. అట్లాంటిక్ మీద చవక టూరిస్టు తరగతి 1952లో మొదలైంది. ఇంకా చవకగా ఎకానమీ తరగతి 1958లో వచ్చింది. తక్కువ డబ్బు ఇచ్చినవాళ్ళకు వేడి భోజనం ఉండకూడదు, చల్లటి సాండ్‌విచ్‌లు మాత్రమే పెట్టాలని విమాన కంపెనీల సంఘం నియమం పెట్టింది. దానిమీద ఐరోపా కంపెనీలు కొన్ని రొట్టె మీద మాంసమూ, చేపలూ గోపురంలా పేర్చి, ఇదీ సాండ్‌విచ్చేనన్నాయి. పాన్ అమెరికన్ వాళ్ళు ఫిర్యాదు చేశారు. సాండ్‌విచ్ అంటే ఏమిటని పెద్దపెద్ద వాళ్ళు కూర్చుని తర్జనభర్జన పడ్డారు! మన వంటింట్లో అడిగితే క్షణంలో తేల్చేవాళ్ళం. 1977లో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన స్కైట్రెయిన్ పేరుతో లండను నుంచి న్యూయార్కుకు 59 పౌండ్లకే తీసుకుపోయాడు. భోజనం కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 1982లో ఆ కంపెనీ మూతపడింది గాని ఆ పద్ధతి మాత్రం ఇప్పుడు చాలా కంపెనీల్లోకి పాకింది. మంచం లాగా పూర్తిగా వాలే పడక సీటును బిజినెస్ తరగతిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో పెట్టింది. ఆ రెంటికీ నడుమన వచ్చిందే ప్రీమియం ఎకానమీ. అది వెడల్పయిన కుర్చీయే గాని పడక కాదు, నేను పైన వేసిన లెక్క కూడా అందులో చక్కగా నిద్రపడుతుందనుకుంటేనే.

మరి ఎవరు కొనాలి? దిగిన తర్వాత మీకోసం ఏం కాచుకుని ఉందో దాన్ని బట్టి చెప్పాలి. మా అక్కయ్య న్యూజెర్సీలో పెద్దమ్మాయి దగ్గర నుంచి లండనులో చిన్నమ్మాయి సీమంతానికి వెళ్ళింది. సీమంతం మూడో రోజు. చిన్నమ్మాయి ఇంట్లో పక్క వేసి ఉంచారు. మామూలు సీటులో వెళ్ళి, మధ్యాహ్నం కాసేపు నిద్రపోయి లేచింది. ఆమెకు మంచి సీటు దండగే. అదే దిగినరోజే పెళ్ళిపందిట్లో నిలబడవలసిన మనిషికైతే దండగ కాదు. హోటల్లో దిగేవాళ్ళకు ఇంకో ఉపాయముంది. హోటలు గది మధ్యాహ్నం 2, 3 గంటలకు గాని ఇవ్వరు, పొద్దున్నే దిగి ఎక్కడ కూర్చుంటాం? ముందు రాత్రికి కూడా గది తీసుకోండి. దిగగానే స్నానం చేసి అసలు మంచం మీద పడుకోవచ్చు. చాలాసార్లు ఇది సీటు తేడా కన్నా తక్కువలో పోతుంది.

లండను మీదుగా హైదరాబాదు వచ్చేవాళ్ళకు మాత్రం ముందు ఇంకో తొమ్మిది పది గంటల విమానం ఉంది. ఒక్క భాగానికే డబ్బు పెట్టగలిగితే న్యూయార్కు నుంచి వచ్చే పొట్టి రాత్రికి కాకుండా ఆ రెండోదానికి పెట్టటం మేలు. మోకాళ్ళు అరిగినవాళ్ళు, నడుం ఆపరేషను అయినవాళ్ళు ఈ గంటల లెక్కలోకి రానేరారు. వాళ్ళు మొహమాటపడకుండా అడిగి కొనిపించుకోవాలి. ఇంటిల్లిపాది ఒంటికీ ధర కట్టి, తన ఒంటికి సున్నా వేసుకునే లెక్క ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

రానూపోనూ రెండువైపులా ఒకే తరగతి ఉండాలనే నియమం లేదు. రాత్రి వచ్చేదానికి మంచి సీటు, పగలు వెళ్ళేదానికి మామూలు సీటు తీసుకోవచ్చు. లండనులో ప్రయాణం మొదలుపెట్టేవాళ్ళకు అక్కడి ప్రభుత్వం వేసే విమాన ప్రయాణపు పన్ను మామూలు తరగతి కన్నా పై తరగతులకు రెట్టింపుకు పైగానే ఉంటుంది. పగటిపూట మెలకువగా కూర్చునేదానికి ఆ పన్ను కూడా ఎందుకు కట్టాలి?

పగటి విమానమంటే గుర్తొచ్చింది. న్యూయార్కు, బోస్టను నుంచి పొద్దున్న 8 గంటల ప్రాంతంలో బయలుదేరి రాత్రి 8 గంటలకు లండను చేరేవి కొన్ని ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. మామూలు సీటులోనే కూర్చుని, నాలుగు సినిమాలు చూసి, దిగి, ఇంటికి పోయి మంచం మీద పడుకోవచ్చు. లండనులోనే ఆగేవాళ్ళకు ఇంతకన్నా తెలివైన బేరం లేదని నా ఉద్దేశం. హైదరాబాదు దాకా రావలసినవాళ్ళకు కుదరదు, రాత్రి లండనులో బస చెయ్యాలంటే వీసా, హోటలు అని మళ్ళీ ఖర్చు.

మామూలు సీటే తీసుకున్నారనుకోండి, కొన్ని జాగ్రత్తలున్నాయి. అతి చవక టిక్కెట్టు చూసి మురిసిపోకండి. చాలా కంపెనీల్లో దానికి పెద్ద పెట్టె ఉండదు, సీటు మనం ఎంచుకోవటానికి ఉండదు. భార్యనొకచోటా భర్తనొకచోటా కూర్చోబెడతారు. పెట్టెకీ, సీటుకీ విడిగా కట్టేది కలిపితే పై టిక్కెట్టు ధరే అవుతుంది. కొద్దిపాటి రుసుముతో సీటు ఎంచుకునే వీలుంటే ఆ డబ్బు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. నిద్ర ముఖ్యమైతే కిటికీ పక్క, లేచి తిరగటం ముఖ్యమైతే నడవ పక్క. చివరి వరస సీట్లు సరిగా వెనక్కి వాలవు, పక్కన స్నానాల గదుల సందడి కూడాను. గోడకు ఎదురుగా ఉండే ముందు వరసలో జాగా ఉన్నట్టే కనిపిస్తుంది గాని, చంటిపిల్లల ఉయ్యాలలు అక్కడే తగిలిస్తారు. అత్యవసర ద్వారం దగ్గర సీటు ఆపదలో తలుపు తీయగల ఓపిక ఉన్నవాళ్ళకే ఇస్తారు.

ఇంకొకటి, విమానంలో భోజనం కోసం కాచుకోకండి. సాయంత్రం ఇంట్లోనే చారూ అన్నం, పెరుగన్నం తిని బయలుదేరండి. పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్తే తనిఖీ దగ్గర ఆపుతారు, తినే వెళ్ళాలి. విమానం ఎక్కగానే భోజనం వద్దని చెప్పి, బెల్టు దుప్పటి పైకి కనిపించేలా పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, మనల్ని లేపరు. మూడున్నర గంటలు కాస్తా అయిదవుతాయి. పైసా ఖర్చు లేదు.

చివరిగా కాళ్ళ సంగతి. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఆ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యవంతులకైతే అది 6,000 మందిలో ఒకరికి. దీనికి ఎకానమీ క్లాస్ జబ్బు అని పేరు పెట్టారు గాని అది తప్పు పేరు. బస్సులో, రైల్లో, పడక సీటులో కదలకుండా ఉన్నా వస్తుంది. కాబట్టి ఈ భయంతో ఎవరూ పెద్ద టిక్కెట్టు కొననక్కర్లేదు. మెలకువ వచ్చినప్పుడల్లా మడమలు ఎత్తి దించండి, నడవలో ఆ చివరిదాకా వెళ్ళి రండి, మంచినీళ్ళు తాగండి. ఇదివరకు గడ్డకట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషను అయినవాళ్ళు డాక్టరుగారిని అడిగి గాని టిక్కెట్టు కొనవద్దు.