దూరపు రాజధాని, నోటిలోని భాష

ఢిల్లీలో హోంమంత్రిత్వశాఖ వసారాలలో తిరుగాడే పాత్రికేయునికి పుదుచ్చేరి అన్నది తరచు ఒక దస్త్రం పేరు మాత్రమే. లెఫ్టినెంట్ గవర్నరుకూ ముఖ్యమంత్రికీ పొత్తు కుదరనప్పుడు ఆ దస్త్రం అరలోనుండి బయటికి వస్తుంది. రాష్ట్రహోదా కోరుతూ అక్కడి శాసనసభ మరొక తీర్మానం చేసినప్పుడు కొన్నాళ్ళు బల్లమీద ఉంటుంది. ఆపైన మళ్ళీ అరలోకి పోతుంది. ఆ దస్త్రంలో యానాం అన్న మాట కోసం పుటలు చాలా తిప్పవలసి ఉంటుంది.

తెలుగువారి రాజధానులు ఎన్ని అని ప్రశ్నిస్తే అమరావతి, హైదరాబాదు అని చెప్పి ఊరుకుంటాము. మూడవది ఒకటి ఉన్నదన్న సంగతి గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం వాసులకు తప్ప తక్కినవారికి అంతగా స్ఫురించదు. 2011 జనగణన ప్రకారం 55,626 మంది నివసించే ఆ చిన్న గడ్డకు రాజధాని సుమారు 870 కిలోమీటర్ల దూరాన, తమిళదేశపు సముద్రతీరాన ఉన్న పుదుచ్చేరి. యానాంకు రైలు లేదు. కాకినాడ చేరి రైలెక్కి, ఆంధ్ర కోస్తానంతటినీ దాటి, చెన్నపట్టణం మీదుగా సాగితే గాని తమ ప్రభుత్వ సచివాలయం ఎదుట నిలువలేరు.

ఆ సచివాలయం ఉన్న పట్టణం చూడ ముచ్చటైనది. నడుమ ఒక కాలువ. దానికి తూర్పున సముద్రం వైపు ఒకనాటి తెల్లవారి పట్టణం, పడమట తమిళుల పట్టణం. 1761లో ఆంగ్లేయులు కోటనూ ఊరినీ నేలమట్టం చేసిన తరువాత ఫ్రెంచివారు తిరిగి కట్టుకొన్న వీధులివి. గళ్ళ పలకమీద గీతలు గీసినట్లు తిన్నగా ఉంటాయి. వీధి పేర్ల పలకలమీద ఫ్రెంచి, తమిళం పక్కపక్కనే కనిపిస్తాయి. గవర్నరు భవనం, శాసనసభ, భారతి ఉద్యానం, దాని నడుమ తెల్లని ఆయి మండపం, ఇవన్నీ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. సముద్రతీరాన గాంధీ విగ్రహం, దానికి ఎదురుగా మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కోసం ప్రాణాలిచ్చిన వారి స్మారకం. ఇంత చక్కని పలకల నడుమ తెలుగు అక్షరం కోసం వెదకేవాడు మాత్రం చాలాసేపు నడవవలసి ఉంటుంది.

ఈ పట్టణంలో సెయింట్ లూయీ వీధిలో సముద్రానికి అభిముఖంగా ఒక విద్యాసంస్థ ఉన్నది. ఫ్రెంచి పాలన ముగిసిన మరుసటి సంవత్సరమే, 1955లో, ఫ్రెంచి ప్రభుత్వం నెలకొల్పిన భారతీయ విద్యల పరిశోధనాలయం అది. అందులోని శైవాగమ తాళపత్రాల సంచయాన్ని 2005లో యునెస్కో ప్రపంచ స్మృతుల పట్టికలో చేర్చినది. ఈ సంస్థకు వ్యవస్థాపకుడు జాఁ ఫిలియోజా. ఆయన వృత్తిచే వైద్యుడు, ప్రవృత్తిచే సంస్కృత పండితుడు. ఆయన కృషి ఈ సముద్రతీరాన్ని వేల మైళ్ళ అవతల ఉన్న ఎడారి నగరాలతో ముడివేసినది. నేటి ప్రసంగానికి ఆ ముడియే ఆధారం.

మధ్య ఆసియాలో, తక్లమకాన్ ఎడారి అంచున, కూచా అనే పట్టణం ఉన్నది. 1906 నుండి 1908 వరకు పాల్ పెలియో అనే ఫ్రెంచి పండితుడు కాష్గరు నుండి బయలుదేరి కూచా, ఉరుంచీల మీదుగా తున్‌హువాంగు గుహల వరకు యాత్ర చేసి, వేలాది వ్రాతప్రతులను పారిసుకు చేర్చాడు. అందులో కూచా భాషలో వ్రాసిన వైద్యగ్రంథాల ఖండాలు ఉన్నవి. వాటిని చదివి 1948లో ప్రకటించినవాడు ఫిలియోజా. అందులో ఒకటి సంస్కృతమూ కూచా భాషా కలిపి వ్రాసిన ‘యోగశతకం’. ఇది మన ఆయుర్వేద గ్రంథమే. నాగార్జునుని కృతి అని సంప్రదాయం. దాని పూర్తి పాఠాన్ని ఫిలియోజా 1979లో ఈ పుదుచ్చేరి సంస్థ పక్షాననే ప్రచురించాడు. నాగార్జునకొండను నిత్యం తలచుకొనే తెలుగువారికి ఆ పేరు ఎంత దూరం ప్రయాణించినదో తెలుసుకొనడం సంతోషదాయకం. ఆ పేరు వహించిన ఆచార్యులు ఒకరా, అనేకులా అన్న చర్చ పండితులకు విడిచిపెట్టవచ్చును.

సంతోషంతోపాటు ఒక హెచ్చరిక కూడా ఆ పత్రాలలో ఉన్నది. మన వైద్యాన్ని తన మాటలలోకి తెచ్చుకొన్న కూచా భాష నేడు లేదు. తొమ్మిదవ శతాబ్దంలో, మంగోలియా మైదానాలలోని తమ రాజ్యం 840లో కూలిపోగా, వీగర్ అనే తురుష్క జాతివారు దక్షిణానికి వచ్చి ఆ ఒయాసిస్సులలో స్థిరపడ్డారు. కాలక్రమాన పాత భాష వారి భాషలో కలిసిపోయి మాసిపోయినది. మిగిలినది పారిసులోని కాగితాలూ, పండితుల వ్యాఖ్యలూ. గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నంత మాత్రాన భాష బ్రతికి ఉన్నట్లు కాదని చెప్పడానికి ఇంతకంటె వేరు సాక్ష్యం అక్కరలేదు.

చరిత్ర చక్రం తిరిగి, నేడు ఆ వీగర్ల భాషకే పరీక్షాకాలం వచ్చినది. మన పత్రికలు ఒకప్పుడు సింకియాంగ్ అని వ్రాసిన ఆ ప్రాంతం చైనా విస్తీర్ణంలో ఆరవవంతు. 1955లో దానికి వీగర్ల పేరిట స్వయంపాలిత ప్రాంతమన్న హోదా వచ్చినది. రాజధాని ఉరుంచీ, సముద్రానికి అత్యంత దూరాన ఉన్న మహానగరంగా దానికి ప్రసిద్ధి. ప్రాంతం వీగర్ల పేరిటనే ఉన్నా, ఆ రాజధానిలో వారు అల్పసంఖ్యాకులు. బీజింగుకూ ఉరుంచీకీ ఆకాశమార్గాన సుమారు 2,400 కిలోమీటర్లు. అయినా దేశమంతటికీ ఒకే గడియారం. సూర్యుడు రెండుగంటలు ఆలస్యంగా ఉదయించే చోట కూడా కార్యాలయాలకు బీజింగు కాలమే ప్రమాణం. తమ ఇళ్ళలో మాత్రం ఎందరో వీగర్లు రెండు గంటలు వెనుకకు తిప్పిన గడియారాన్ని నమ్ముకొంటారు.

గడియారం చిన్న విషయం. బడి చిన్న విషయం కాదు. వారి అరబ్బీ లిపిని తీసివేసి లాటిను లిపిని ప్రవేశపెట్టారు. 1982లో తిరిగి పాత లిపికి వచ్చారు. ఒకే తరంలో తాతా మనుమలు ఒకరి వ్రాత ఒకరు చదవలేని స్థితి ఏర్పడినది. 2017 తరువాత బడులలో బోధన చైనా భాషకు మరలినది. వీగర్లకూ చైనీయులకూ నడుమ సామరస్యం కోసం వ్రాసిన బీజింగు ఆచార్యుడు ఇల్హామ్ తోహ్తీకి 2014లో ఉరుంచీ న్యాయస్థానమే యావజ్జీవ శిక్ష విధించినది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న వెలువరించిన నివేదిక అక్కడి నిర్బంధాలు మానవజాతిపై నేరాలు కావచ్చునని పేర్కొన్నది. చైనా ప్రభుత్వం దానిని త్రోసిపుచ్చినది.

ఈ ప్రస్తావన చేయడంలో యానాంను ఉరుంచీతో పోల్చే ఉద్దేశం లేదు. అటువంటి పోలిక అక్కడ బాధపడేవారి పట్ల అన్యాయమూ, ఇక్కడి ప్రజాస్వామ్యం పట్ల అపచారమూ అవుతుంది. యానాం పౌరుడు ఓటు వేస్తాడు, పత్రిక పెట్టుకోగలడు, మంత్రిని నిలదీయగలడు. అయితే చిన్న సమాజాల భాష ఎక్కడ ఆగిపోతుంది, ఎక్కడ నిలుస్తుంది అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. ఆ ప్రశ్నకు సమాధానాలు వెదకడానికి పుదుచ్చేరి పట్టణం తగిన చోటు. ఇక్కడ ఒక భాషకు చట్టం ఉన్నది, మాట్లాడేవారు తక్కువ. మరొక భాషకు మాట్లాడేవారు ఉన్నారు, రాజధానిలో గొంతు తక్కువ.

మొదటిది ఫ్రెంచి. 1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటు వేశారు. 8 మంది వ్యతిరేకించారు. నవంబరు 1న పాలన చేతులు మారినది. 1956లో కుదిరి 1962లో ధ్రువీకరణ పొందిన ఒడంబడికలో ఒక నిబంధన ఉన్నది: ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించనంతవరకు ఫ్రెంచి ఇక్కడి అధికారభాషగా కొనసాగాలి. నేటికీ ఫ్రెంచి పౌరసత్వమున్న కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వారిలో పూర్వం సైగాను వరకు కొలువులకు పోయి వచ్చినవారి సంతతి ఉన్నది. జూలై 14న ఊరేగింపు జరుగుతుంది. 1826లో స్థాపితమైన ఫ్రెంచి పాఠశాల నడుస్తున్నది. అయినా సచివాలయంలో దస్త్రాలు ఇంగ్లీషులో కదులుతాయి, అంగడిలో బేరం తమిళంలో సాగుతుంది. ఒడంబడిక అక్షరం భాషకు గౌరవం ఇవ్వగలిగినది గాని వినియోగం కల్పించలేకపోయినది.

రెండవది తెలుగు. యానాం చరిత్ర మనవారికి కొంత తెలిసినదే. 1929 నాటి శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి గడ్డమీద పెండ్లిళ్ళు జరుపుకొనడానికి చుట్టుప్రక్కల జిల్లాల వారు బండ్లు కట్టుకొని వచ్చేవారు. కల్యాణపురమన్న పేరు అందువల్ల ప్రసిద్ధికెక్కినది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన విమోచనవాదులు యానాంను స్వాధీనం చేసుకొన్నారు. పుదుచ్చేరిలో పాలన చేతులు మారడానికి నాలుగు నెలలు ముందే ఆ తెలుగు గడ్డ ఫ్రెంచి అధికారం నుండి బయటపడినదని గుర్తుంచుకొనడం అవసరం.

1965 నాటి అధికారభాషా చట్టం తమిళాన్ని ఈ ప్రాంతపు అధికారభాషగా చేసి, యానాంలో తెలుగునూ మాహేలో మలయాళాన్నీ అధికార వ్యవహారాలకు వాడుకొనే వీలు కల్పించినది. కనుక యానాంలో తెలుగుకు చట్టబలం ఉన్నది, మాట్లాడే నోళ్ళూ ఉన్నాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నిర్ణయం యానాంలో జరగదు. శాసనసభలో ఎన్నికైన సభ్యులు 30 మంది. పుదుచ్చేరికి 23, కారైకాలుకు 5, మాహేకు 1, యానాంకు 1. వీరికి తోడు ముగ్గురిని కేంద్రప్రభుత్వం నియమించవచ్చును. ఆ నియామకానికి స్థానిక ప్రభుత్వం సలహా అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అంటే ప్రజలు ఎన్నుకొన్న ఒక్క తెలుగు గొంతుకు ప్రక్కన, ఢిల్లీ నుండి మూడు గొంతులు వచ్చి కూర్చోగలవు.

ఆ ఒక్క గొంతు బలహీనమైనదని అనుకోరాదు. యానాం సభ్యులు మంత్రులుగా పనిచేశారు. 2021లో ముఖ్యమంత్రి పీఠాన్ని ఆశించి రెండుచోట్ల పోటీచేసిన రంగసామి అంతటివాడిని యానాం ఓటర్లు ఓడించి, గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థిని సభకు పంపారు. చిన్న ఊరికి స్వాభిమానం పెద్దది. వృత్తివిద్యా కళాశాలల సీట్లలో యానాం విద్యార్థులకు ప్రత్యేకంగా కొంత భాగం కేటాయించే ఏర్పాటు కూడా ఉన్నది. ఆ వాటాతో వైద్యమో ఇంజనీరింగో చదవడానికి వచ్చిన విద్యార్థులూ, కొలువుల మీద వచ్చిన చిన్న ఉద్యోగులూ ఈ పట్టణంలోని తెలుగు సమాజానికి కొత్త నెత్తురు. వీరు రెండేళ్ళలో తమిళం నేర్చుకొంటారు. వీరి దస్త్రాలు చూసే గుమాస్తాలకు తెలుగు నేర్చుకొనే అవసరం మాత్రం రాదు.

ఇక్కడ బడి ప్రశ్న మళ్ళీ వస్తుంది. యానాం పాఠశాలలు చిరకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను అనుసరించినవి. మాహే కేరళను, పుదుచ్చేరి, కారైకాలు తమిళనాడును అనుసరించినవి. ఇటీవలి సంవత్సరాలలో కేంద్రపాలిత ప్రాంత ప్రభుత్వం తన బడులను కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రణాళికకు మరలించినది. దేశవ్యాప్త పోటీ పరీక్షలకు పిల్లలు సిద్ధపడతారన్నది ఉద్దేశం, దానిని తప్పుపట్టలేము. అయితే పొరుగున కాకినాడలో, అమలాపురంలో పిల్లవాడు చదివే తెలుగు వాచకంతో యానాం పిల్లవానికి సంబంధం తెగిపోతే, కొంతకాలానికి గోదావరికి ఆ గట్టున ఒక తెలుగూ ఈ గట్టున ఒక తెలుగూ ఏర్పడే ప్రమాదం ఉన్నది. ఇది బలవంతంతో జరిగే పని కాదు. అందువల్లనే ఎవరూ గమనించకుండా జరిగిపోగలదు.

విలీనం గురించి మాట వచ్చినప్పుడల్లా యానాంను ఆంధ్రలో కలిపివేస్తే పోదా అని ఢిల్లీలో సులభంగా అనేవారున్నారు. 1979 జనవరిలో ప్రధాని మొరార్జీ దేశాయి ఈ ప్రాంతాలను ఇరుగుపొరుగు రాష్ట్రాలలో కలపడం గురించి మాట్లాడినప్పుడు పుదుచ్చేరి అట్టుడికిపోయినది. ప్రజల అభీష్టం తెలుసుకోకుండా రాజ్యాంగ ప్రతిపత్తిని మార్చరాదని ఒడంబడికలోనే ఉన్నది. యానాంవాసి తన భాషనూ కోరుతాడు, తన ప్రత్యేకతనూ కోరుతాడు. ఆ రెండింటికీ వైరం ఉన్నదని అనుకొనేది దూరాన ఉన్నవారే.

చేయవలసినవి పెద్ద పనులు కావు. యానాంను గురించి పుదుచ్చేరి సచివాలయం వెలువరించే ప్రతి ఉత్తరువూ తెలుగులో కూడా రావాలి. యానాం పౌరుడు తెలుగులో వ్రాసిన అర్జీకి తెలుగులో సమాధానం ఇవ్వగల ఉద్యోగి ప్రతి ప్రధాన శాఖలోనూ ఒక్కడైనా ఉండాలి. గోదావరి వరదకు గట్లు తెగినప్పుడు, 1996 నవంబరులో వచ్చినటువంటి తుపాను మళ్ళీ వచ్చినప్పుడు, హెచ్చరికా సహాయపు ఉత్తరువూ ప్రజల భాషలో ఆలస్యం లేకుండా అందడం ప్రాణాలతో ముడిపడిన విషయం. కేంద్ర విద్యామండలి పద్ధతిలో కూడా యానాం బడులలో తెలుగును పదవ తరగతి వరకు తప్పనిసరి చేయడానికి ఏ అడ్డంకీ ఉండకూడదు. వీటికి రాజ్యాంగ సవరణలు అక్కరలేదు. 1965 నాటి చట్టం స్ఫూర్తిని పాటిస్తే చాలును.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఇందులో బాధ్యత ఉన్నది. యానాం బడులకు వాచకాలు, గ్రంథాలయాలకు పుస్తకాలు పంపడానికి సరిహద్దు అడ్డురాదు. పుదుచ్చేరి పట్టణంలో చదువుకొనే తెలుగు విద్యార్థులకు ఒక పఠనమందిరం నెలకొల్పడం ఏ అకాడమీకైనా భారం కాదు.

కూచా వైద్యుడు మన యోగశతకాన్ని తన భాషలోకి మార్చుకొన్ననాడు, ఆ భాష ఒకనాటికి పండితుల బల్లమీద ఖండాలుగా మిగులుతుందని ఊహించి ఉండడు. రోగికి మందు చెప్పడానికి తన మాట సరిపోతుందని నమ్మి వ్రాశాడు. యానాం నుండి 870 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన రైతుకూ, బెస్తకూ, విద్యార్థికీ తమ రాజధానిలో తమ మాట సరిపోతుందన్న నమ్మకం కలిగించడం పుదుచ్చేరి ప్రభుత్వం చేతిలో ఉన్నది. ఆ ప్రభుత్వానికి ఆ మాట గుర్తుచేయడం ఢిల్లీ చేతిలో ఉన్నది. హోంశాఖ అరలో ఉన్న దస్త్రంలో యానాం పుట ఇకనైనా కొంచెం పైకి రావాలి.