చలిజ్వరము

ఒడలు నిప్పువలె కాలుచుండగా రోగి “చలి, చలి” యని వణకుట వింతగా తోచును. రోగక్రిములు దేహమున ప్రవేశించినపుడు మెదడు శరీరోష్ణమును పెంచదలచును. అందుకై చర్మమునందలి రక్తనాళములు ముడుచుకొనును. కండరములు వణకి వేడిమిని పుట్టించును. కావున వణకు జ్వర మెక్కుచున్నదనుటకు గుర్తు. అట్టివేళ గొంగళ్లు పెక్కు కప్పుటయు, కుంపటి పెట్టుటయు తగవు. పలుచని దుప్పటి చాలును; వణకు తీరగానే దానిని తొలగింపవలెను. చన్నీట తడిపినచో వణకు మరల హెచ్చును. నీరు, గంజి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను.

చలి, కాక, చెమట వరుసగా వచ్చుట మలేరియా లక్షణము. చెడుగాలియే దీనికి కారణమని పూర్వులు తలచిరి. మూసీ యొడ్డునున్న మన నాగోలునకు దవ్వుగాని సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన, రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు 1902లో నోబెల్ బహుమానము నందెను.

అయినను చలితో వచ్చు ప్రతి జ్వరమును మలేరియా కాదు. ఊపిరితిత్తుల రోగమునను, మూత్రకోశ దోషమునను చలి పుట్టవచ్చును. కావున ఊహపై మందు మ్రింగింపక, ఆనాడే రక్తపరీక్ష చేయింపవలెను. మలేరియా యని తేలినచో, చలి తగ్గినను, వైద్యుడు చెప్పినన్నాళ్లును మందు మానరాదు. మాట తడబడినను, మూర్ఛ వచ్చినను, ఎగశ్వాస పుట్టినను క్షణమైన జాగు సేయక ఆసుపత్రికి చేర్పుడు. పసిబిడ్డల యెడను గర్భిణుల యెడను ఈ జాగ్రత్త మరింత యవసరము.