446 బైట్ల వాకిలి

పండక్కి వచ్చిన మా మేనల్లుడు బ్యాగు దించకముందే ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టాడు. నల్ల తెర. పైన ఒక ముక్క: ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’. కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని, పక్కన మిణుకుమంటూ ఒక గీత.

“లినక్స్ ఎక్కలేదు మామయ్యా. ఇన్‌స్టలేషన్ పూర్తయిందని చెప్పింది, తీరా చూస్తే ఇదీ సంగతి.”

ఎక్కిందిరా, దాని ఇంటికి దారే దొరకలేదు అన్నాను. వాడికి నమ్మకం కలగలేదు. ఆ దారి చూపే గ్రబ్ కథ తెలిస్తే తప్ప కలగదు కూడా.

పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్‌కి హార్డ్ డిస్క్‌లో ఏముందో తెలియదు. మదర్‌బోర్డు మీది బయోస్ డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ని మెమరీలోకి తెచ్చి, ఇక నీదే భారం అని తప్పుకుంటుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. 1983లో డాస్ 2.0 వచ్చినప్పుడు చేసిన పంపకం ప్రకారం అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి రెండు ముద్రకి పోతాయి. ప్రోగ్రామ్‌కి మిగిలేది 446. తెలుగులో ఆంధ్రప్రదేశ్ అన్న ఒక్క మాటకే కంప్యూటర్‌లో 36 బైట్లు పడతాయి. ఆ మాట పన్నెండుసార్లు రాస్తే వాకిలి నిండిపోతుంది. కోట్ల బైట్ల ఆపరేటింగ్ సిస్టమ్ లోపలికి రావలసింది ఈ సందులోంచే.

లినక్స్ తొలినాళ్లలో ఆ పని లిలోది. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన ఈ బూట్ లోడర్ ప్రోగ్రామ్‌కి ఫైళ్లంటే ఏమిటో తెలియదు. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ డిస్క్‌లో ఏయే గళ్లలో ఉందో సర్వే నంబర్లలా రాసిపెట్టుకునేది. కెర్నెల్ మార్చి లిలోని మళ్లీ నడపడం మరిచిపోయామా, అంతే. ఒక్క మర్యాద మాత్రం ఉండేది. ఒక్కో మెట్టు దాటుతూ తన పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే తెర మీద వేసేది. రెండో అక్షరం దగ్గర ఆగిందంటే రెండో దశ ప్రోగ్రామ్ నడవలేదన్నమాట. ఇంత పొదుపైన ఎర్రర్ మెసేజ్ నేను మరెక్కడా చూడలేదు.

గ్రబ్ పుట్టింది లినక్స్ కోసం కాదు. 1995లో ఎరిక్ బోలిన్ అనే ప్రోగ్రామర్ గ్నూ వాళ్ల హర్డ్ అనే కెర్నెల్‌ని నడిపించాలని కూచున్నాడు. మొదట ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ లోడర్‌కి మరమ్మతు చేయబోయి, అంతకంటే కొత్తది రాయడమే సులువని గ్రబ్ మొదలుపెట్టాడు. హర్డ్ ఇప్పటికీ ఇంటింటికీ రాలేదు గానీ, దానికోసం కట్టిన బండి లినక్స్‌ని మోసుకుంటూ లోకమంతా తిరిగింది.

గ్రబ్ తెలివి ఏమిటంటే, అది ఫైల్‌సిస్టమ్‌ని తనే చదువుకోగలదు. 446 బైట్లలో అంత చదువు పట్టదు కదా! అందుకే అక్కడ చిన్న ముక్క మాత్రం ఉంచి, అసలు భాగాన్ని ఆ సెక్టార్‌కీ తొలి పార్టిషన్‌కీ మధ్యనున్న ఖాళీలో దాస్తుంది. పొలానికీ పొలానికీ మధ్య గట్టులాంటి చోటది. పాత డిస్కుల్లో 31 కిలోబైట్లే. ఆ భాగానికి ఒక్క చిరునామా చెబితే చాలు: మిగతా గ్రబ్ ఏ పార్టిషన్‌లో ఉందో.

మావాడి దగ్గర తప్పింది ఆ ఒక్కటే. ‘ఎల్ఎస్’ అని కొడితే పార్టిషన్లన్నీ వరసగా వచ్చాయి. గ్రబ్ వెతుకుతున్నది ఐదులో. ఐదులో ఇప్పుడున్నది స్వాప్, దానికి ఫైల్‌సిస్టమే ఉండదు. ఆరులోకి తొంగి చూస్తే బూట్ ఫోల్డర్ భద్రంగా ఉంది.

“రెండుసార్లు ఎక్కించావా?”

“మొదటిసారి స్థలం చాలక చెరిపేసి, మళ్లీ పార్టిషన్లు చేశాను.”

మరి రెండోసారి ఎక్కిన గ్రబ్ ఏమైనట్టు? ముందు ప్రిఫిక్స్‌నీ రూట్‌నీ ఆరుకి మార్చి, ‘ఇన్స్‌మోడ్ నార్మల్’, ఆ తర్వాత ‘నార్మల్’ కొట్టాం. నల్ల తెర పోయి మెనూ వచ్చింది. మావాడు తాపీగా అన్నాడు: “పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచినప్పుడు బాగానే వచ్చింది మామయ్యా.”

ఆ మాటేదో ముందే చెబితే కాఫీ చల్లారకపోను. బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు వాడు డిస్క్‌కి బదులు పెన్‌డ్రైవ్‌ని ఎంచుకున్నాడు. కొత్త గ్రబ్ దాంతోపాటే హాస్టల్లో ఉండిపోయింది. ల్యాప్‌టాప్‌లో మిగిలింది పాత చిరునామాతో పాత గ్రబ్. లినక్స్‌లోకి వెళ్లి ‘గ్రబ్ ఇన్‌స్టాల్’ కమాండ్‌ని ఈసారి అసలు డిస్క్ మీద నడిపించాం.

కొత్త ల్యాప్‌టాప్‌లలో బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక ఈ 446 బైట్ల ఇరుకు లేదు. బూట్ లోడర్ ఒక మామూలు ఫైలు, దానికంటూ వేరే పార్టిషన్. బదులుగా సెక్యూర్ బూట్ సంతకాల తగువులు వచ్చాయి. రెస్క్యూ తెర మాత్రం పోలేదు. 2015లో స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు ఒక విడ్డూరం బయటపెట్టారు. గ్రబ్‌కి పాస్‌వర్డ్ కాపలా పెట్టినా, యూజర్ పేరు అడిగేచోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే తిన్నగా రెస్క్యూలోకి వెళ్లొచ్చట! చెరపడానికి అక్షరాలు మిగిలాయో లేదో చూసుకోకపోవడమే ఆ లోపం. వెంటనే సరిచేశారు.

వారం తిరక్కుండా హాస్టల్ నుంచి ఫోను. లినక్స్ ఎక్కించుకోవడానికి వాడి స్నేహితుడు అదే పెన్‌డ్రైవ్ అడిగి తీసుకున్నాడట. నల్ల తెర మీద ‘నో సచ్ డివైస్’ అని, పక్కన బారెడు నంబరు.

“ఆ నంబరు నీ ల్యాప్‌టాప్‌దిరా,” అన్నాను.