గిటారు సాధన: వినికిడి మార్గం, పాఠ మార్గం

7.1 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• వినికిడితో నేర్చుకోవడం వల్ల కలిగే లాభాలు, దాని పరిమితులు
• గురువు దగ్గర క్రమపద్ధతిలో నేర్చుకోవడం వల్ల కలిగే లాభాలు, దాని పరిమితులు
• మీ రోజువారీ సాధనలో రెండింటికీ చోటు కల్పించుకునే విధానం

7.2 పరిచయం

గిటారు కొన్న విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న: పాటలు విని సొంతంగా పట్టుకోవాలా, గురువు దగ్గర చేరాలా? మన సంగీత సంప్రదాయంలో ఈ రెండూ వేరువేరు మార్గాలు కావు. గురువు పాడితే శిష్యుడు విని తిరిగి పాడతాడు. సరళీ స్వరాల నుంచి కృతుల వరకు పాఠం చెవి ద్వారానే సాగుతుంది. 1904లో తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు కూడా గుర్తులు ఉన్నాయి. అయినా ఆ గుర్తును ఎలా పలికించాలో గురుముఖతః విన్నవారికే బాగా తెలుస్తుంది. రికార్డులు వచ్చిన తరువాత వినడానికి గురువు ఎదురుగా ఉండవలసిన అవసరం తగ్గింది. వినికిడి, పాఠం అనే రెండు మార్గాలు విడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

7.3 వినికిడి మార్గం

అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ సుమారు 20 ఏళ్ల వయసులో చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆ వాదనను చెవితోనే పట్టుకున్నాడు. అతనికి స్వరలిపి చదవడం రాదు. పిక్‌కు బదులు బొటనవేలితో మీటడం అతని ప్రత్యేకత అయింది.

మీరు ఈ మార్గంలో వెళ్లేటప్పుడు కింది క్రమాన్ని పాటించండి.

మొదట పాటను చాలాసార్లు విని, నోటితో పాడండి. పాట చివర ఏ స్వరం మీద స్థిరపడిందో గమనించండి. చాలా పాటల్లో అదే ఆధార స్వరం. దాన్ని ఒకే తీగ మీద వెతకండి. ఒక మెట్టు, అంటే ఫ్రెట్, జరిగితే స్వరం ఒక సెమిటోన్ మారుతుంది. 12వ మెట్టు దగ్గర అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఆధార స్వరం జి అయిన మేజర్ పాటకు జి, సి, డి మేజర్ కార్డులను మొదట ప్రయత్నించండి. తేలికపాటి పాటలు ఎన్నో ఈ మూడింటిలోనే ఇముడుతాయి.

ఇలా నేర్చుకున్నది త్వరగా మరచిపోరు. కాని దీనికి ఒక పరిమితి ఉంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు రేడియో పాటలు విని గిటారు నేర్చుకున్నాను. నాలుగేళ్ల తరువాత ఒక గురువు నా ఎడమ చేయి చూసి, మణికట్టు బాగా వంగిపోతోందనీ, చిటికెన వేలు అసలు పనిచేయడం లేదనీ చెప్పారు. ఆ అలవాట్లు మానడానికి ఏడాదిన్నర పట్టింది. స్వరం సరిగానే పలుకుతోంది కాబట్టి, తప్పు ఉన్నట్లు నాకు అంతవరకు తెలియలేదు.

7.4 పాఠ మార్గం

గురువు మొదట చూసేది చేతులనే. మెట్టుకు దగ్గరగా, దాని వెనుక నొక్కితే తక్కువ బలంతో స్వరం స్పష్టంగా వస్తుంది. రెండు మెట్ల మధ్య నొక్కేవారు ఎక్కువ బలం పెడతారు, త్వరగా అలసిపోతారు. ఇటువంటి విషయాలు ఎదుటివారు చూసి చెప్పినప్పుడే త్వరగా దిద్దుకుంటాం. ఏ పాఠం తరువాత ఏది చేయాలనే క్రమం కూడా గురువు వల్లనే ఏర్పడుతుంది.

ఈ మార్గానికీ పరిమితి ఉంది. ట్యాబ్ అనే లిపిలో ఆరు గీతలు ఆరు తీగలను, వాటి మీది అంకెలు మెట్లను సూచిస్తాయి. వేలు ఎక్కడ పెట్టాలో అంకె చెబుతుంది. అంకెలనే నమ్ముకున్న విద్యార్థి తీగ శ్రుతి తప్పినా గుర్తించలేడు. కాగితం తీసేస్తే చేయి ఆగిపోతుంది.

7.5 రెండింటి సమన్వయం

1969లో పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ ఉదాహరణ చూడండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాదన రాదు. ఆయన పాడేవారు, బాలుడు విని వాద్యం మీద పలికించేవాడు. పాఠం గురువుది, వెతుకులాట శిష్యుడిది.

మీకు రోజుకు 30 నిమిషాలు దొరికితే ఇలా విభజించుకోండి.

మొదటి 10 నిమిషాలు చెవితో శ్రుతి చేయండి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు స్వరాలు ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఆరో తీగను 5వ మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరమే ఐదో తీగ ఖాళీగా పలకాలి. మిగిలిన తీగలకూ ఇదే పద్ధతి. మూడో తీగను మాత్రం 4వ మెట్టు దగ్గర నొక్కి రెండో తీగతో పోల్చాలి. ఒక తీగ సెకనుకు 110 సార్లు, మరొకటి 112 సార్లు కంపిస్తే సెకనుకు రెండుసార్లు ధ్వని పెరిగి తగ్గడం వింటారు. శ్రుతి కలిసేకొద్దీ ఆ ఊగు నెమ్మదించి ఆగిపోతుంది.

తరువాతి 10 నిమిషాలు గురువు ఇచ్చిన వేళ్ల అభ్యాసం, చివరి 10 నిమిషాలు ఒక పాటను చెవితో పట్టుకోవడం చేయండి. చేయి నొప్పి పెడితే ఆపండి.

మీ ఊళ్లో గురువు లేకపోతే వెనుకంజ వేయకండి. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకొకసారైనా తెలిసినవారికి చేతులు చూపించండి. వెళ్లలేనప్పుడు ఎడమ చేయి కనిపించేలా ఫోనులో వీడియో తీసి పంపండి. పాటలు తరువాతైనా పెంచుకోవచ్చు, పాతుకుపోయిన చేతి అలవాటును మార్చడం కష్టం.

7.6 సారాంశం

స్వరాన్ని గుర్తించే శక్తి వినికిడి సాధన వల్ల పెరుగుతుంది. దాన్ని శ్రమ లేకుండా పలికించే పద్ధతి పాఠం వల్ల అలవడుతుంది. చేతుల విషయంలో గురువు సలహా తీసుకోండి, పాట విషయంలో ముందు మీ చెవిని ఆశ్రయించండి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వినికిడితో మాత్రమే నేర్చుకున్నవారు తమ చేతి లోపాన్ని ఎందుకు గుర్తించలేకపోవచ్చు?
2. ట్యాబ్ లిపి మీదనే ఆధారపడటం వల్ల కలిగే నష్టం ఏమిటి?
3. మీకు తెలిసిన ఒక పాట ఆధార స్వరాన్ని గిటారు మీద కనుగొని, మీరు అనుసరించిన క్రమాన్ని ఐదు వాక్యాలలో రాయండి.