కయాక్‌లోకి పిల్లల్ని ఎక్కిస్తున్నారా? ముందు శిక్షకుడిని పరీక్షించండి!

సముద్రం మీద కయాక్ నడపడం ఇప్పుడు కుటుంబాల సెలవు సరదాల్లో చేరిపోయింది. ఒళ్లు కదులుతుంది, మనసు తేలికపడుతుంది, పిల్లలకు ధైర్యం అలవడుతుంది. కాదనలేం. కానీ ఆ అరగంట ఆరోగ్యాన్నిస్తుందా, ఆపద తెస్తుందా అన్నది పడవ రంగు మీద, టికెట్ ధర మీద ఆధారపడదు. పక్కన ఉన్న శిక్షకుడు ఏం నేర్చుకున్నాడన్న దాని మీదే ఆధారపడుతుంది.

అనకాపల్లి జిల్లా పాయకరావుపేటకు సముద్రం కూతవేటు దూరం. ఊరికీ తునికీ మధ్య పారే తాండవ నది పెంటకోట దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడ కనిపించేవి ఎక్కువగా చేపల పడవలే. కయాక్ ఎక్కాలనుకుంటే ఇటువైపు కుటుంబాలు సాధారణంగా విశాఖ రుషికొండ దాకా వెళ్తుంటాయి. ఎక్కడికి వెళ్లినా ఒడ్డున మనం అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత?’ అనే. నిజానికి ముందు అడగాల్సింది ‘నేర్పేది ఎవరు?’ అని.

ఒంటికి ఏం మేలు?

కయాక్ అంటే చేతులతో నడిపే పడవే అనుకుంటాం. సరిగా నడిపితే పని ఎక్కువగా చేసేది నడుము, పొట్ట, వీపు కండరాలు. మొండెం అటూ ఇటూ తిరుగుతుంటే తెడ్డు దానంతట అదే సాగుతుంది. కాళ్లు కూడా పడవలోని ఆనికను తన్నిపెట్టి పనిచేస్తుంటాయి. మామూలు వేగంతో నడిపితే ఇది చురుకైన నడకతో సమానమైన, గుండెకు మేలు చేసే వ్యాయామం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోకాళ్ల మీద బరువు పడదు కాబట్టి ఎక్కువ దూరం నడవలేని వారికీ ఇది అనువే.

తప్పుగా నడిపితే మాత్రం ముందు దెబ్బతినేది భుజం. తెడ్డును తల కన్నా పైకి ఎత్తి, చేయి బిగుసుకుపోయేలా చాచినప్పుడు అల కొడితే భుజం కీలు జారిపోవచ్చు. ‘చేతులు భుజం ఎత్తు దాటొద్దు, మోచేయి కాస్త వంచే ఉంచండి’ అని శిక్షకుడు మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాలి. చెప్పకుండా పడవను నీళ్లలోకి తోసేస్తే అతను నేర్పుతున్నట్లు కాదు, అద్దెకిస్తున్నట్లు.

సముద్రం చెరువు కాదు

తెల్లవారుజామున సముద్రం అద్దంలా ఉంటుంది. కొత్తవారికి ఇదే మంచి సమయం అనిపిస్తుంది. కానీ ఆ వేళ గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంటుంది. ఒడ్డు దగ్గర నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి. తేలికైన కయాక్‌ను మాత్రం ఆ గాలి మెల్లమెల్లగా లోపలికి తోసేస్తుంది. వెనక్కి తిరిగేసరికి ఎదురుగాలి, అలిసిపోయిన చేతులు. పొద్దెక్కాక గాలి దిక్కు మారి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీస్తుంది. అది పడవను ఒడ్డు వైపే తోస్తుంది కానీ అలల్ని పెంచుతుంది. ఎండ, ఉక్కపోత కూడా తోడవుతాయి. ఏ వేళకు ఏ జాగ్రత్త అన్నది తెలిసినవాడే సముద్రం మీద నేర్పడానికి తగినవాడు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మరో చిక్కు ఉంది. ఆటు సమయంలో నది నీరు బయటికి ఉరుకుతుంటే, ఎదురుగా అలలు లోపలికి వస్తుంటాయి. రెండూ ఢీకొన్న చోట అల ఉన్నట్టుండి నిలువుగా లేస్తుంది. ఇసుక మేటలు ఏటికేడు చోటు మారుతుంటాయి. ఒడ్డు నుంచి చూస్తే ప్రశాంతంగా కనిపించే ఇలాంటి చోటు కొత్తవారికి తగదు.

తీరం పొడవునా పొంచి ఉండేది లోపలికి లాగే ప్రవాహం. మన జిల్లాలోనే 2022 జులై చివర్లో పూడిమడక తీరంలో స్నానానికి దిగిన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఆరుగురు మునిగి చనిపోయారు. దేశంలో 2022లో నీట మునిగి చనిపోయినవారి సంఖ్య 38 వేలకు పైనే ఉందని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఇది ఏటా దాదాపు 3 లక్షలు. అందుకే ఐక్యరాజ్య సమితి జులై 25ను నీట మునిగే మరణాల నివారణ దినంగా ప్రకటించింది.

శిక్షకుడు నేర్చుకోవాల్సింది ఏమిటి?

బాగా ఈదగలవాడు, బాగా తెడ్డు వేయగలవాడు శిక్షకుడైపోడు. తాను ఒడ్డుకు రావడం ఒక విద్య. భయంతో బిగుసుకుపోయిన పదిమందిని ఒడ్డుకు తేవడం మరో విద్య. శిక్షణలో ప్రధానంగా ఇవి ఉంటాయి.

మొదటిది, పడవ బోల్తా కొట్టినప్పుడు బయటపడటం. నడుము దాకా కప్పు ఉండే కయాక్‌లో తలకిందులైనప్పుడు కప్పు లాగి బయటికి ఎలా రావాలో ముందే లోతు తక్కువ నీళ్లలో అలవాటు చేయించాలి. పైన కూర్చునే రకం పడవల్లో ఈ ఇబ్బంది ఉండదు, మళ్లీ ఎక్కడమే కష్టం.

రెండోది, నీళ్లలో పడినవారిని తిరిగి పడవలోకి ఎక్కించడం. శిక్షకుడు తన కయాక్‌ను అడ్డంగా నిలిపి, బోల్తాపడిన పడవ ముక్కును దాని మీదికి లాగి, నీరు వంపేసి, నిలకడగా పట్టుకుని మనిషిని ఎక్కించాలి. ఇది ఎగసిపడే అలల్లో, నిమిషాల్లో జరిగిపోవాలి.

మూడోది, అలసినవారి పడవను తాడుతో లాగుకు రావడం. నాలుగోది, గాలి, అల, ఆటుపోట్లు చూసి ‘ఈరోజు వద్దు’ అని చెప్పగలగడం. డబ్బు కట్టి నిలబడిన ఇరవైమందికి ఆ మాట చెప్పడమే అన్నింటికన్నా కష్టమైన పాఠం. అయిదోది, ప్రథమ చికిత్స, ఆగిన శ్వాసను, గుండెను తిరిగి నడిపించే సీపీఆర్.

సర్టిఫికెట్ వెనుక ఏముంది?

1880లో ఏర్పడిన అమెరికన్ కనూ అసోసియేషన్ తీరప్రాంత కయాకింగ్ శిక్షకులను అయిదు మెట్లుగా విభజించింది. మొదటి మెట్టు నిశ్చల జలాల్లో ఓనమాలు నేర్పడానికే. పైకి వెళ్లేకొద్దీ గాలి, అలలు, ఒడ్డు నుంచి దూరం పెరుగుతాయి. ముందు శిక్షణ, తర్వాత పరీక్ష. పరీక్షలో సొంత నైపుణ్యంతో పాటు ఎదుటివారికి పాఠం చెప్పి చూపించాలి. కాపాడి చూపించాలి. సర్టిఫికెట్ గడువు నాలుగేళ్లు. ప్రథమ చికిత్స, సీపీఆర్ అర్హత ఉండాలి, బోధన మానేయకూడదు. అప్పుడే పొడిగిస్తారు. బ్రిటన్‌లో పేడిల్ యూకే సంస్థ కూడా సముద్రంలో బృందాన్ని నడిపించేవారికి విడిగా పరీక్ష పెడుతుంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. సర్టిఫికెట్ ‘వీడు మంచివాడు’ అని చెప్పే కితాబు కాదు. ‘ఇంత గాలిలో, ఇంత అలలో, ఇంత దూరం వరకు’ అని గీసిన గీత. చెరువులో నేర్పడానికి అర్హత ఉన్నవాడు సముద్రంలోకి తీసుకెళ్తే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలో గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. నీటిలో ప్రాణరక్షణ, మరపడవ నడపడం వంటి వాటిలో అక్కడ శిక్షణ ఇస్తారు. పర్యాటక శాఖ 2018లో వెలువరించిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో కయాకింగ్‌కూ చోటు దక్కింది. మార్గదర్శకాలు పుస్తకంలో ఉంటే చాలదు. ఒడ్డున అమలు కావాలంటే వచ్చినవాళ్లు అడగాలి.

అడగకపోతే ఏమవుతుందో మనకు అనుభవమే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో అనుమతి లేని పర్యాటక పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామందికి లైఫ్‌జాకెట్లు లేవు.

తీరం కుర్రాళ్లకు దారి

పెంటకోట, రేవుపోలవరం, పూడిమడక... ఈ రేవుల్లో పెరిగిన యువకులకు గాలి వాసన, నీటి రంగు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. తెప్ప నడిపిన చేతికి తెడ్డు కొత్త కాదు. వారికి కొత్తగా కావాల్సింది కాపాడే పద్ధతి, ప్రథమ చికిత్స, నేర్పే ఓపిక, దానికో గుర్తింపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం. బడి సెలవులు కూడా చాలావరకు ఆ రోజుల్లోనే. ఆ కాలంలో శిక్షకులుగా, ప్రాణరక్షకులుగా నిలబడగలిగితే వారికి జీతం, మన పిల్లలకు రక్షణ. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లాడు ‘ఇది నేర్చుకుంటాను’ అంటే, ‘అదేం చదువు?’ అని కొట్టిపారేయకండి.

ఒడ్డునే అడగండి

• మీ సర్టిఫికెట్ ఏ సంస్థది? ఏ నీళ్లకు? గడువు ఎప్పటిదాకా?

• ఒక్కో శిక్షకుడి వెంట ఎంతమంది వెళ్తారు? కొత్తవాళ్లయితే అయిదారుగురు మించకపోవడమే మేలు.

• ఈరోజు గాలి ఎటు? ఎక్కడిదాకా వెళ్తాం? జవాబుకు తడుముకుంటే వెనక్కి తిరగండి.

• లైఫ్‌జాకెట్ మా పిల్లాడి బరువుకు సరిపోతుందా? బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్దది. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి పట్టీ తప్పనిసరి.

• సముద్ర పరిస్థితి చూశారా? హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తుపై రోజూ ముందస్తు సమాచారం ఇస్తుంది. పెద్ద అలల హెచ్చరిక ఉంటే ఆరోజు ఇసుకలో ఆడుకోవడమే ఆట.

మూర్ఛ వ్యాధి, అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, గతంలో భుజం జారిన ఇబ్బంది ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగాకే ఎక్కాలి. మద్యం తాగి నీళ్ల దగ్గరికి వెళ్లనే వద్దు. టోపీ పెట్టుకోండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి.

మునిగినవారిని ఒడ్డుకు చేర్చాక...

మునుగుతున్నవారు సినిమాల్లోలా కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వచ్చి, చూపు నిలిచిపోయి, చప్పుడు లేకుండా జారిపోతారు. ఈత, ప్రాణరక్షణ తెలియనివారు కాపాడటానికి దూకొద్దు. తాడు, ఖాళీ డబ్బా, లైఫ్‌జాకెట్ ఏదైనా తేలేది విసరండి.

ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం చేయొద్దు. విలువైన సమయం పోతుంది. పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. పిలిస్తే పలకకుండా, శ్వాస లేకుండా ఉంటే 108కి ఫోన్ చేయించి వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. నీట మునిగినవారికి కొరత ప్రాణవాయువుదే. అందుకే శిక్షణ ఉన్నవారు ముందు నోటితో ఊపిరి ఇస్తారు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊపిరి ఇవ్వడం. పెద్దలకైతే ఛాతీ 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ఊపిరి ఇవ్వడం రానివారు కనీసం నొక్కడం ఆపకూడదు. తేరుకున్నా సరే, నీళ్లు మింగి దగ్గుతున్నవారిని ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే తీరరక్షక దళం నంబరు 1554.

బడిలో చేర్చేముందు టీచర్ల అర్హతలు అడుగుతాం. ఆపరేషన్‌కు ముందు డాక్టరు బోర్డు చదువుతాం. బిడ్డను అలల మీదికి పంపేముందు శిక్షకుడి కాగితం చూడటానికి మొహమాటం దేనికి? నిజంగా నేర్చుకున్నవాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. నవ్వి చూపిస్తాడు.