పురిటిగదిలోని రెండు భయములు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమను అచ్చటి జనులు నడిగడ్డ యని పిలుతురు. ఆ నడిగడ్డలో తుంగభద్ర యొడ్డున అలంపురము కలదు. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములను చూడవచ్చిన యాత్రికులు ప్రక్కనున్న ప్రదర్శనశాలలోనికి కూడ పోవుట వాడుక. అచ్చట నొక శిల్పము నెదుట వారు క్షణకాలము నిలిచి, తోడివారి ముఖము చూచి, మాటాడక ముందునకు సాగిపోదురు. అది స్త్రీమూర్తి. శిరస్సునకు మారుగా విరిసిన తామరపూవు. మోకాళ్ళు మడచి, తొడలను ఎడముగా చాచి, బిడ్డను కనుటకు సిద్ధపడిన భంగిమ. ఆమె పేరు లజ్జాగౌరి.

పండితులు ఈమెను గూర్చి చాల వ్రాసిరి. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో ఈ మూర్తిని వేదములలోని అదితితో సరిపోల్చిరి. మరాఠీ పండితుడు రామచంద్ర చింతామణ్ ఢేరే ఈ దేవతపై ఒక గ్రంథమునే రచించిరి. స్థానికులు చెప్పు కథ వేరు: పరశురాముని గొడ్డలికి శిరస్సు తెగిన రేణుకాదేవి మొండెమే ఈమెయట. సంతానము కోరు స్త్రీలు వెన్న రాసి, కుంకుమ పెట్టి మ్రొక్కుకొనెడివారు. ఆ పేరు ఎవరు పెట్టిరో గాని, చూచువారి సిగ్గును తెచ్చి ఆమెకు అంటగట్టినట్లున్నది. ఆ భంగిమలో సిగ్గు ఛాయ యెక్కడను కానరాదు. కనుటయే ఆమె పని. ఆ పనిలో ఆమె నిమగ్నురాలై యున్నది.

ఆ దేవతకు మ్రొక్కిన ఊళ్ళలోని ఆడుబిడ్డలే నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వాసుపత్రులకు కాన్పునకై వచ్చుచున్నారు. ఒకప్పుడు ఈ మూడును మహబూబ్‌నగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లాలైనవి. తొలిచూలు స్త్రీ ఆసుపత్రి మెట్లెక్కునప్పుడు ఆమె వెంట రెండు భయములు వచ్చును. ఒకటి నొప్పిని గూర్చిన భయము. దానిని ఆమె తల్లితో చెప్పుకొనును, వదినతో చెప్పుకొనును, రాత్రి నిదురపట్టక భర్తతోనైనను చెప్పుకొనును. రెండవది సిగ్గు. దానిని ఎవరితోను చెప్పదు. పరాయివారి యెదుట వివస్త్రనై పడియుండవలెనా? అరచినచో ఏమనుకొందురు? ఒడలు వశము తప్పి మలమూత్రములు పోయినచో మొగమెట్లు చూపుదును? ఈ ప్రశ్నలు నోటివరకును రావు. లోనుండి తొలుచుచుండును.

నొప్పి విషయమున మన వాడుకమాటలు రెండు విధములుగా పనిచేసినవి. “ఆడుదానికి కాన్పు పునర్జన్మ” అనుట ఆదరముతో చెప్పు మాటయే. విన్న పదునెనిమిదేండ్ల పిల్లకు మాత్రము అందు జన్మకన్న ముందు మరణమే వినబడును. “గొడ్రాలికేమి తెలుసు పురిటినొప్పులు” అను సామెత రెండు తప్పులు చేయుచున్నది: బిడ్డలు లేనిదానిని గాయపరచుట యొకటి, నొప్పిని అనుభవించి తీరవలసిన రహస్యముగా మార్చుట రెండవది. కాని అదే భాషలో మరొక తెలివియు దాగియున్నది. తలనొప్పి, పంటినొప్పి ఏకవచనములు. కాన్పునకు మాత్రము తెలుగువారు “నొప్పులు” అందురు. “నొప్పులు వచ్చుచున్నవి”, “నొప్పులు ఆగినవి” అందురు. అది ఎడతెగని యొక్క నొప్పి కాదు, అలలవలె వచ్చి పోవునవి అని ఎరిగిన వారి మాట యది. కాన్పు ఊపందుకొన్న పిమ్మట పది నిమిషములలో మూడు నాలుగు నొప్పులు రావచ్చును. ఒక్కొక్కటి సుమారు ముప్పాతిక నిమిషమునుండి నిమిషము వరకు నిలుచును. లెక్క చూచినచో పది నిమిషములలో సగమునకు పైగా విశ్రాంతియే. చివరి ఘట్టమున ఎడము తగ్గును, నిజమే. అయినను ఈ చిన్న లెక్క ముందుగా తెలిసిన స్త్రీ తరువాతి నొప్పిని తలచుకొని నడిమి విరామమును పాడుచేసికొనదు.

భయము నొప్పిని పెంచునను మాటను ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్ 1933లోనే వ్రాసెను. భయపడిన శరీరము బిగుసుకొనును, బిగుసుకొన్న శరీరమునకు నొప్పి హెచ్చగును, హెచ్చిన నొప్పి భయమును మరల పెంచును అని ఆయన వాదము. ఆయన చెప్పినదంతయు నిలువలేదు. భయము లేనిచో నొప్పియే ఉండదన్నట్టి ధోరణి ఆయన అనుచరులలో కొందరిని పట్టుకొన్నది. అది నొచ్చుకొనిన తల్లిని దోషిగా నిలబెట్టు ధోరణి. కాని మూలమైన మాట సత్యమునకు దూరము కాదు. బెదరిన దేహములో అడ్రినలిన్ పెరుగును. గర్భకోశమును ముడుచుకొనజేయు ఆక్సిటోసిన్ స్రావమునకు అది అడ్డుపడగలదు. కటకట చీకటిలో, నమ్మినవారి మధ్య, కదలుటకు వీలున్న చోట పశువు సైతము సుఖముగా ఈనును. ఇది పల్లెలలో పాడి ఎరిగిన ప్రతి యింటివారికి తెలిసినదే.

నొప్పిని మందుతో అణచు ప్రయత్నములకు హైదరాబాదు రాజ్యముతో విచిత్రమైన సంబంధము కలదు. 1847లో ఎడింబరోలో సింప్సన్ వైద్యుడు కాన్పులలో క్లోరోఫారమును వాడుట ఆరంభించెను. నొప్పి ఓర్చుకొనుట స్త్రీకి దైవాజ్ఞ యని కొందరు గొడవ చేసిరి. 1853లో విక్టోరియా రాణి తన కాన్పునకు జాన్ స్నో చేత క్లోరోఫారము పెట్టించుకొన్న తరువాత ఆ గొడవ బలహీనపడెను. అయితే ఆ మందు వలన మరణములు సంభవించుచుండెను. అది శ్వాసను ముందుగా ఆపునా, గుండెనా అను వివాదమును తేల్చుటకు ఆరవ నిజాము ధనసహాయముతో, ఎడ్వర్డ్ లారీ నేతృత్వమున, 1888లోను 1889లోను హైదరాబాదులో రెండు సంఘములు పరీక్షలు జరిపినవి. గుండెకు ముప్పు లేదని అవి నిర్ణయించినవి. ఆ నిర్ణయము తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ చూపెను. అది యటుండ, ఆ కాలముననే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి మత్తుమందు ఇచ్చుటలో నిపుణురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలిగా చరిత్రకారులు పేర్కొందురు. అట్టి రాజ్యములోని సంస్థానములైన గద్వాల, వనపర్తి పల్లెలకు మాత్రము ఆ విద్య చాలకాలము చేరలేదు. వెన్నులో సూదితో ఇచ్చు ఎపిడ్యూరల్ అను నొప్పి నివారణ నేటికిని పట్టణములలోని పెద్ద ఆసుపత్రులలో దొరకినంత సులభముగా పల్లెలలోని తల్లికి దొరకదు.

ఇక సిగ్గు మాట. పూర్వము పురుడు ఇంటిలోనే జరిగెడిది. మంత్రసాని, తల్లి, ఇరుగుపొరుగు ముత్తైదువలు, వెలుతురు తక్కువైన గది. దూలమునకు కట్టిన త్రాడు పట్టుకొని నిలుచుటకును, గొంతుకూర్చుండుటకును వీలుండెడిది. స్త్రీల రామాయణపు పాటలలో కౌసల్య పడిన ప్రసవవేదనకు చోటు దొరకినది. వాల్మీకిలో ఆ ఘట్టము క్షణములో దాటిపోవును. పాడినవారును విన్నవారును ఆడువారే గనుక రాణి అరపును దాచవలసిన పని వారికి లేకపోయెను. అంతమాత్రమున ఆ కాలమును తలచి నిట్టూర్చుట తగదు. ఆ చీకటిగదులలో రక్తస్రావమునకును, మురికి కత్తులకును, అడ్డము తిరిగిన బిడ్డలకును బలియైనవారు లెక్కకు అందరు. నీలోఫర్ రాకుమారి తన పరిచారిక రఫత్ ప్రసవమున మరణింపగా కలిగిన దుఃఖమునుండియే హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రి వెలసినది. రాకుమారి యింటి పరిచారికకే ఆ గతి పట్టినప్పుడు అమ్రాబాదు పీఠభూమిపై చెంచు పెంటలోని తల్లి మాట చెప్పనేల? 2011–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో లక్ష సజీవ జననములకు 92గా నున్న మాతృమరణములు 2018–20 నాటికి తెలంగాణలో 43కు దిగినవి. ఆసుపత్రి ఇచ్చినది ప్రాణము. ఈ మాటలో సందేహము లేదు.

కాని ప్రాణము నిచ్చు చోట సిగ్గు పోవుట అనివార్యమా? పరపురుషుడైన వైద్యునకు ఒడలు చూపుటకన్న చచ్చుట మేలని స్త్రీలు తలచుట చేతనే 1885లో డఫరిన్ నిధి ఏర్పడినది. ఆ సంవత్సరమే మదరాసులో మేరీ షార్లీబ్ ప్రయత్నమున ఘోషా ఆసుపత్రి వెలసినది. స్త్రీ వైద్యులు వచ్చిరి. పరదా సమస్య కొంత తీరినది. అయితే పురిటిగదిలోని సిగ్గు కేవలము పురుషుని కంటికి సంబంధించినది కాదు. వరుసగా వేసిన బల్లలు, నడుమ తెరలేమి, పేరైనను చెప్పక వచ్చి లోపలి పరీక్ష చేసిపోవు చేతులు, “అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?” అను నీచమైన హేళన — ఇవియును సిగ్గును గాయముగా మార్చునవి. ఆ హేళన తెలుగునాట ఒక ఆసుపత్రికి పరిమితమైనది కాదు; ప్రపంచమంతట ఇట్టి అవమానములు జరుగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక ప్రకటన చేయవలసివచ్చినది.

స్త్రీ అడుగజాలని ప్రశ్నలకు సమాధానములు నిజమునకు సరళమైనవి. బిడ్డ తల క్రిందికి దిగునప్పుడు వెనుకనున్న పురీషనాళమును ఒత్తును. కావున ముక్కునప్పుడు కొంత మలము బయటపడుట సర్వసాధారణము. అనుభవమున్న నర్సు దానిని బిడ్డ దిగుచున్నదనుటకు గుర్తుగా తీసికొని, మారు మాటాడక తుడిచివేయును. దీనికై ముందుగా ఎనిమా ఇచ్చుటగాని, రోమములు గొరుగుటగాని అందరికిని చేయ నక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనలలో చెప్పినది. ఉమ్మనీరు పోవుట ఆమె చేతిలోనిది కాదు. అరపు కూడ దోషము కాదు. నొప్పి వచ్చినప్పుడు దీర్ఘముగా మూలుగుట ఊపిరిని బిగబట్టనీయదు. ఈ నాలుగు మాటలు ఎనిమిదవ నెలలో ఆశా కార్యకర్తయో, నర్సమ్మయో కూర్చుండబెట్టి చెప్పినచో చాలును. చెప్పువారు లేకపోవుటయే చిక్కు. 2011 జనగణన నాటి ఊళ్ళ లెక్క ప్రకారము నేటి గద్వాల జిల్లా అక్షరాస్యతలో రాష్ట్రమున కడపటిది. సగము మందికి కాగితము మీది సలహా చేరదు. పనికై బొంబాయి, పుణెలకు వలసపోయి, నెలలు నిండిన తరువాత పుట్టింటికి వచ్చు పాలమూరు కూలి స్త్రీకి ఏ నర్సుతోను ముందు పరిచయమే ఉండదు.

భయమును మాటలతో తీర్చని చోట కత్తి తీర్చుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి; అన్ని కాన్పులలో నూటికి 60.7 సిజేరియనులు. దేశపు సగటు 21.5 మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. ముహూర్తములు, డబ్బు, వైద్యుల కొరత, అన్నియును కారణములే. కాని “నొప్పులు పడజాలను, కోసి తీయుడు” అను వేడుకోలు కూడ అందొకటి. అవసరమైన కోత ప్రాణదాత. భయముతో కోరుకొన్న కోత నొప్పిని తప్పించదు, పురిటిగదినుండి బాలింత మంచమునకు మార్చును. ఆ కుట్లతోనే ఆమె బిడ్డకు పాలీయవలెను, కొన్ని వారములకే కొడవలి పట్టవలెను.

దీనికి తెలిసిన మందులలో మిక్కిలి చవుకైనది ఒక మనిషి. కాన్పు సాగినంతసేపు ఒకరు విడువక తోడున్నచో సిజేరియనులు తగ్గుననియు, కాన్పు వేగిరపడుననియు, అనుభవము చేదుగా మిగులుట తగ్గుననియు 26 పరీక్షలను, పదునైదువేలకు పైగా స్త్రీలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పినది. తోడుండువారు చదువుకొన్నవారు కానక్కరలేదు. నడుము నొక్కుట, నీరు త్రాగించుట, జారిన చీరను సర్దుట, “ఇంకొక్కటి, బిడ్డా” అనుట వచ్చిన చాలును. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవవేళ తోడుగా ఒక స్త్రీని అనుమతింపవచ్చునని కేంద్ర ప్రభుత్వము 2016లోనే నిశ్చయించినది. 2017 డిసెంబరులో ఆరంభమైన లక్ష్య పథకము బల్లల నడుమ తెరలను, తోడు మనిషిని, మర్యాదను పురిటిగది ప్రమాణములలో చేర్చినది. అదే సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము ఫెర్నాండెజ్ సంస్థ తోడ్పాటుతో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలిడినది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను వైద్య కళాశాలలు వెలసినవి. ఇప్పుడు అచ్చటి పురిటిగదులలో నేర్చుకొను విద్యార్థులు కూడ నిలుతురు. ఒక చూపు పెరిగినచోట ఒక తెర కూడ పెరుగవలెను. పరీక్ష చేయుటకు ముందు పేరు చెప్పి, అనుమతి అడుగుట వారికి మొదటి పాఠము కావలెను.

నియమము కాగితము మీద నున్నది. రాత్రి రెండు గంటలకు నొప్పులతో వచ్చిన కూతురిని లోనికి పంపి, సంచి ఒడిలో పెట్టుకొని తలుపు బయట కూర్చున్న తల్లికి ఆ నియమము తెలియదు. చాల చోట్ల ఆమెను లోపలికి పిలుచుటయు, పిలువకుండుటయు ఆ రాత్రి పనిలోనున్న నర్సు మనసును బట్టి యుండును. లోపలినుండి “అవ్వా” అను కేక వినవచ్చినప్పుడెల్ల ఆమె లేచి నిలుచును. తలుపు తెరువకపోగా మరల కూర్చుండును.